హైటెక్ సిటీలో పూటకూళ్ళు

బాలలూ! పాత కథల్లో పూటకూళ్ళమ్మను గురించి మీరు చదివే వుంటారు. రాకుమారుడు గుర్రమెక్కి పొరుగు నగరానికి వస్తాడు. చీకటి పడుతుంది. ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ వుండరు. అప్పుడతను తిన్నగా పూటకూళ్ళమ్మ ఇంటికి పోయి, ఆమె చేతిలో ఒక నాణెం పెట్టి, కడుపునిండా భోజనం చేసి, ఆ వూరి విశేషాలు కూడా ఆమెనే అడిగి తెలుసుకుంటాడు. హోటలు అనే మాట మన దేశానికి రాకముందు బాటసారులకు ఒక దిక్కు ఈ పూటకూళ్ళ ఇళ్ళు.

ఇది వట్టి కట్టుకథ కాదు. కాకతీయుల రాజధాని అయిన ఓరుగల్లును వర్ణించే ‘క్రీడాభిరామము’ అని ఒక పాత తెలుగు పుస్తకం వున్నది. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రచారంలో వున్న ఆ పుస్తకంలో ఒక పూటకూటి ఇంటి భోజనం ఎట్లా వుండేదో చెప్పారు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డ పెరుగు. వీటన్నిటికీ కలిపి వెల ఒకే ఒక రూక!

ఆ నాటి వంటింట్లో ఇప్పుడు మనకు నిత్యం కావలసిన వస్తువు ఒకటి లేదు. అదేమిటో చెప్పగలరా? మిరపకాయ! మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకులు ఓడల మీద తెచ్చినాక, అంటే పదహారో శతాబ్దంలో గాని అది మన దేశం చూడలేదు. వేరుసెనగా, టొమేటో కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. అంతకు ముందు మనవాళ్ళకు కారం అంటే మిరియాలే. కనక ‘ఇది అచ్చంగా మా వూరి వంట’ అని ఎవరైనా గొప్ప చెప్పుకుంటే నాకు లోపల కొంచెం నవ్వు వస్తుంది. ఆ గొప్ప నేను కూడా చెప్పుకుంటాననుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను అనంతపురం జిల్లాలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి హైదరాబాదులో, కొండాపూరులో వుంటాడు. పోయిన చలికాలం వాడి ఇంట్లో నెల రోజులు వున్నాను. పొద్దున్నే వాళ్ళంతా ఆఫీసులకూ బడులకూ వెళ్ళిపోతే, నేను చేతికర్ర పుచ్చుకుని వీధులన్నీ తిరిగేవాణ్ణి.

ఆ ప్రాంతం ఒకప్పుడు ఎట్లా వుండేదో మీ తాతగారిని అడగండి. మాదాపూరు ఒక పల్లె. చుట్టూ పెద్ద పెద్ద నల్లరాతి గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు వుండేవి. ఆ రాతి వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు! 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అక్కడ సైబర్ టవర్స్ అనే గుండ్రటి మేడను ప్రారంభించారు. ఆ తరవాత కంప్యూటరు కంపెనీలు ఒకటి వెంట ఒకటి వచ్చాయి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా మేడలు లేచాయి. గుండ్లు చాలావరకు పగిలి కంకరైపోయాయి.

మేడలు లేచినంత మాత్రాన సరిపోతుందా? వాటిలో పనిచేసేవాళ్ళకు అన్నం కావాలి. వాళ్ళు కాకినాడ నుంచీ, కడప నుంచీ, కరీంనగరు నుంచీ వచ్చిన పిల్లలు. చాలామందికి ఇరవై రెండో, ఇరవై మూడో ఏడు. హాస్టలు గదుల్లో వుంటారు. వంట రాదు, వచ్చినా పొయ్యి లేదు. అమెరికాలో పగలైతే ఇక్కడ రాత్రి గనుక కొందరు రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున ఆకలితో బయటికి వస్తారు. రాకుమారుడు పూటకూళ్ళమ్మను వెతుక్కున్నట్టే వీళ్ళూ వెతుక్కున్నారు. కాని ఒక తేడా వున్నది. రాకుమారుడు పెట్టింది తిన్నాడు. వీళ్ళు మాత్రం తమ అమ్మ వండినట్టే వుండాలన్నారు!

హైదరాబాదులో హోటళ్ళకు కొదవ ఎప్పుడూ లేదు. ఇరాను దేశం నుంచి వచ్చినవాళ్ళు చాయ్ హోటళ్ళు పెట్టారు. ఉడిపివాళ్ళు ఇడ్లీ, దోసె హోటళ్ళు పెట్టారు. బిరియాని సంగతి ప్రపంచమంతటికీ తెలుసు. 2019లో యునెస్కో సంస్థ హైదరాబాదును వంటకాలకు పేరుపడ్డ సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది కూడాను. అందుచేత బిరియానిని వదిలేస్తాను. నన్ను ఆశ్చర్యపరచింది వేరే. మాదాపూరు నుంచి కొండాపూరు దాకా నడుస్తుంటే బోర్డుల మీద జిల్లాల పేర్లు, ఊళ్ళ పేర్లు! భూగోళం పాఠం చెప్పటానికి నాకు పటం అక్కరలేకపోయింది.

కాకినాడలో 1950లలో మొదలైన సుబ్బయ్యగారి హోటలు ఇప్పుడు కొండాపూరులో వున్నది. దాని బుట్ట భోజనం ప్రసిద్ధి; అన్నం, కూరలు, పులుసులు, పచ్చళ్ళు, స్వీటూ అన్నీ ఒక బుట్టలో పెట్టి ఇంటికి ఇస్తారు. విజయవాడలో 1942 నుంచి ఇడ్లీ మీద వెన్న వేసి పెడుతున్న బాబాయి హోటలు పేరు మీద హైదరాబాదులో చట్నీస్ హోటలువారు ‘బాబాయి ఇడ్లీ’ అమ్ముతున్నారు. నిజామాబాదు జిల్లాలోని అంకాపూరు నాటుకోడి కూరకు పేరుపడిన గ్రామం. ఇక్కడ ఎన్నో బోర్డుల మీద ఆ వూరి పేరు వున్నది. 2000 తరవాత వచ్చిన కృతుంగ అనే హోటలు తమది పాళెగాళ్ళ వంట అని చెప్పుకుంటూ రాగిసంగటిని బల్ల మీదికి తెచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినాక సర్వపిండి, పచ్చిపులుసు, సకినాలు కూడా బోర్డులకెక్కాయి. సొంత రాజధానిలో ఆ వంటలు ఇంటి గడప దాటి రావటానికి అంతకాలం పట్టటం నాకు న్యాయంగా తోచలేదు.

ఒకనాడు మధ్యాహ్నం ఒక సందులో పోతుంటే, "సార్! సార్!" అని ఎవరో వెనకనుంచి పిలిచారు. చూస్తే, తెల్ల బనీను వేసుకుని, భుజాన తువ్వాలుతో నలభై ఏళ్ళ మనిషి నిలబడి వున్నాడు.

"బాగుండారా సార్? నేను సార్, లెక్కల్లో తప్పితే మీరు మూడు నెలలు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పినారే!" అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను. పేరు వ్రాస్తే వాడికి సిగ్గు, అందుకని వ్రాయను. "ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నాను.

"మెస్సు పెట్టుకోనుండా సార్. రాండి, సంగటి దిగే టైము" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

పిల్లలూ, సంగటి ఎట్లా చేస్తారో చూశారా మీరు? ముందు బియ్యాన్ని ఎక్కువ నీళ్ళు పోసి మెత్తగా వుడికిస్తారు. అది తుకతుకలాడుతుండగా రాగిపిండిని పైన కుప్పగా పోసి, కట్టెతో మధ్యన ఒక బొక్క పెట్టి, మూత వేస్తారు. మంట తగ్గిస్తారు. వెంటనే కలపకూడదు! ఎందుకు? పిండిలో వుండే కణాలు వేడినీటిలో నీళ్ళు పీల్చి ఉబ్బి జిగురుగా మారతాయి. తొందరపడి కలిపితే పిండి ఉండ పైపొర మాత్రం జిగురై గోడ కట్టుకుంటుంది. లోపలికి నీరు పోదు. కొరికితే లోపల పచ్చిపిండి వస్తుంది. అదే ఓపిక పడితే ఆవిరి పిండి అంతటా చేరుతుంది. అప్పుడు దించి, గిన్నె కదలకుండా అదిమిపట్టి, కట్టెతో బలంకొద్దీ గెలుకుతారు. చెయ్యి తడిచేసుకుని ముద్దలు చేస్తారు. దాన్ని నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి.

ఆ మెస్సులో గెలికేవాడు పాతికేళ్ళ కుర్రాడు. చొక్కా తడిసిపోయింది. "నీది ఏ వూరు నాయనా, కదిరా, హిందూపురమా?" అని అడిగాను. వాడు నవ్వాడు. నా శిష్యుడే జవాబు చెప్పాడు: "వీడు ఒరిస్సావాడు సార్, కోరాపుట్టు. వీళ్ళ ఇంట్లో కూడా రాగులే తింటారంట. మొదటి దినమే నాకంటే బాగా చేసినాడు!"

కోరాపుట్టు కొండల్లో రాగులను మండియా అంటారు. దానితో జావ కాచుకుంటారు. మన రాయలసీమ వంటను ఒరిస్సా చెయ్యి చేస్తుంటే, గోదావరి జిల్లాల పిల్లలు తింటున్నారన్నమాట! రాగులు కూడా ఎక్కడివనుకున్నారు? కొన్ని వేల ఏళ్ళ క్రితం తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవే.

మరి ఒక్కొక్క చోట ఒక్కొక్క వంట ఎందుకు ఏర్పడింది? దానికి సమాధానం ఆకాశంలోనూ, నేలలోనూ వున్నది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గోదావరి జిల్లాల్లో వెయ్యికి పైగా పడుతుంది. దానికి తోడు 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. అక్కడ వరి పండింది, కాబట్టి అన్నం చుట్టూ పులుసులూ పచ్చళ్ళూ పెరిగాయి. మాకు నీళ్ళు లేవు. తక్కువ నీటితో పండే రాగి, కొర్ర, జొన్న తిన్నాం. నా చిన్నతనంలో మా ఇంట్లో వరి అన్నం పండగకే. ఇంటికి చుట్టాలొస్తే సంగటి దాచి అన్నం పెట్టేది మా అమ్మ. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక పేదల ఇళ్ళలోకి కూడా అన్నం వచ్చింది. అది మంచిదే. కాని సంగటి కట్టెలు అటకెక్కాయి. నలభై ఏళ్ళ తరవాత అదే సంగటి చల్లటి గదిలో, పింగాణి పళ్ళెంలో, వెల కట్టి ఎదురైతే నాకు ఏమనుకోవాలో తోచలేదు.

ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎముకలు గట్టిపడే వయస్సు మీది, కనక ఈ లెక్క గుర్తుంచుకోండి.

సాయంత్రం అయితే కొండాపూరు రోడ్డు పక్కన జొన్నరొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. అక్కడ ఒకామె రొట్టె తట్టటం నేను రోజూ నిలబడి చూసేవాణ్ణి. గోధుమ చపాతీని కర్రతో వత్తుతారు గదా, జొన్నరొట్టెను చేతులతోనే తట్టాలి. గోధుమపిండిలో గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు వుంటుంది. నీళ్ళు తగలగానే అది వలలాగా అల్లుకుని పిండిని పట్టివుంచుతుంది. జొన్నలో అది లేదు. అందుచేత మరిగే నీళ్ళు పోసి పిండిని కొంచెం ఉడికించి, ఆ జిగురుతోనే రొట్టె విరగకుండా చేస్తారు. మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. ఒక గిన్నెలో గోధుమపిండి, ఒక గిన్నెలో జొన్నపిండి చన్నీళ్ళతో తడపండి. రెండింటినీ సాగదియ్యండి. తరవాత పెద్దవాళ్ళ చేత జొన్నపిండిలో వేడినీళ్ళు పోయించి మళ్ళీ ప్రయత్నించండి.

ఆమెది జహీరాబాదు వైపు పల్లె. "మా చిన్నప్పుడు జొన్నరొట్టె తింటే గరీబోళ్ళు అనేటోళ్ళు సారూ. ఇప్పుడు కార్లు ఆపుకొని తింటున్రు!" అని నవ్వింది. ఆమె నవ్వుతున్నా చూపు మాత్రం రోడ్డు మీదే వున్నది. ఎందుకంటే, బండి తీసెయ్యమని ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు. వస్తే రొట్టెల పెనం వేడిగా వుండగానే ఎత్తుకుని పోవాలి.

మాదాపూరులో రోడ్డు పక్కన అన్నం కూరలు అమ్మే సాయికుమారిగారిని గురించి మీలో చాలామంది వినే వుంటారు. అందరూ కుమారి ఆంటీ అంటారు. 2024 జనవరిలో ఆమె దగ్గరికి వచ్చే జనంతో దారి ఆగిపోతున్నదని పోలీసులు ఆ దుకాణం తీసెయ్యమన్నారు. జనం గోల చేశారు. చివరకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. అంతా సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని నాకు రెండు సందేహాలు మిగిలాయి. దారి ఆగితే అంబులెన్సు ఎట్లా పోతుంది? పోలీసులదీ తప్పని నేను అనలేను. రెండోది, పేరులేని జొన్నరొట్టెల ఆమె కోసం ముఖ్యమంత్రి వస్తాడా? ఇట్లాంటి వాళ్ళ కోసమే 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణంలో వీధి వ్యాపారులను లెక్కపెట్టి, ధ్రువపత్రం ఇచ్చి, అమ్ముకునే చోటు నిర్ణయించాలి. ఆ పని చేసే కమిటీలో నూటికి నలభై మందికి తక్కువ కాకుండా వ్యాపారులే వుండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. చట్టం చక్కగానే వున్నది. ఆ మాట చెబితే రొట్టెల ఆమె, "గట్లనా?" అని ఇంకో రొట్టె పెనం మీద వేసింది.

హోటలు పని కష్టం ఎట్లాంటిదో చెప్పటానికి ఇంకొకరి సంగతి చెబుతాను. ఆదిలాబాదు జిల్లా పల్లె నుంచి బాబూరావు అనే కుర్రాడు 1970లలో హైదరాబాదు వచ్చి, లక్డీకాపూలు దగ్గర కెఫె నీలోఫరులో బల్లలు తుడిచే పనికి కుదిరాడు. క్రమంగా చాయ్ కాయటం, బిస్కట్లు కాల్చటం నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు ఆ హోటలునే కౌలుకు తీసుకున్నాడు. తరవాత కొనేశాడు! ఇప్పుడు హైటెక్ సిటీలో కూడా ఆ చాయ్ దొరుకుతుంది.

అందరికీ అట్లా కలిసిరాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి దేశమంతా మూసేశారు. కంప్యూటరు ఉద్యోగులు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళి ఇంటినుంచే పనిచేశారు. ఆఫీసులకు ఫరవాలేదు, ఇంజనీర్లకూ ఫరవాలేదు. కాని మెస్సులో రోజూ రెండువందల మందికి వండే నా శిష్యుడు, ఒకనాటి పొద్దున లేచి చూస్తే తినటానికి ఒక్కడూ లేడు. అద్దె మాత్రం ఆగలేదు. ఇంటి యజమాని రెండు నెలలు ఓర్చుకుని, మూడో నెల తాళం వేశాడు. గిన్నెలు అమ్ముకుని ఊరికి పోయాడు. రెండేళ్ళు వేరుసెనగ వేశాడు; ఒక ఏడు వాన లేదు, ఒక ఏడు ఎక్కువైంది. 2022లో ఆఫీసులు తెరుస్తున్నారని విని మళ్ళీ వచ్చాడు.

"భయం లేదురా?" అన్నాను.

"భయమే సార్. అందుకే ఇప్పుడు గిన్నెలు బాడిగకు తెచ్చుకుంటాండా, కొనడంల్యా" అన్నాడు. లెక్కల్లో తప్పినవాడు!

వాడు నాకు నాటుకోడి పులుసు పోశాడు. ఆ కారానికి నా కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి. పక్క బల్ల కుర్రవాడు జాలిపడి నీళ్ళ గ్లాసు ఇచ్చాడు. కాని నీళ్ళు తాగితే మంట తగ్గదు. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అది నిజానికి నాలుకను కాల్చదు. వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపి, కాలుతున్నదని మెదడును నమ్మిస్తుంది. పెరుగులోని కొవ్వూ, మాంసకృత్తులూ దాన్ని నాలుక మీది నుంచి లాగేస్తాయి. మన కారపు భోజనాల్లో చివర పెరుగో మజ్జిగో ఎందుకున్నదో చూడండి. ఈ శాస్త్రం ఎవరూ చెప్పకుండానే మన అమ్మమ్మలు కనిపెట్టారు.

ఉలవచారు కథ కూడా ఇట్లాంటిదే. కృష్ణా, గుంటూరు వైపు రైతులు ఎద్దుల కోసం ఉలవలు వుడికించేవాళ్ళు. ఉలవలు ఎద్దులకు, వుడికిన నీళ్ళు ఇంటికి! ఆ నీళ్ళను చిక్కబడేదాకా గంటల తరబడి మరిగించి చింతపండు, పోపు వేస్తే అదే ఉలవచారు. మీద మీగడ వేసుకుంటారు. ఇప్పుడు ఎద్దులు లేవు గాని చారు మాత్రం ఆ పేరుతోనే హోటలు పెట్టేంత పెద్దదైంది.

నేను ఊరికి బయలుదేరే రాత్రి నా శిష్యుడు బస్సు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక పొట్లం. "మూడు ముద్దలు పెట్టినా సార్. పొద్దున అమ్మగారికి చెప్పి మజ్జిగలో వేయించుకోండి" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే రెండడుగులు వెనక్కు వేశాడు.

వండిన సంగటి చల్లారితే గట్టిపడుతుంది. ఉబ్బిన పిండికణాలు మళ్ళీ దగ్గరకు చేరి నీటిని వదులుతాయి. తెల్లవారి ఇల్లు చేరి విప్పేసరికి ముద్దలు రాళ్ళలాగే వున్నాయి. మా ఆవిడ వాటిని చిదిపి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నలగ్గొట్టి పక్కన పెట్టింది. మనుమలు నిద్ర లేచేలోపలే రెండు ముద్దలు అయిపోయాయి. మూడోది వాళ్ళకు దాచాము.